మూడో జత గీతలు

మీరు కోడు రాసుకునే ఎడిటర్లో ఎడమ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే వంద వరసలు ముడుచుకుని ఒక్క వరస అయిపోతాయి. మళ్ళీ నొక్కితే విచ్చుకుంటాయి. మొన్న మా మేనల్లుడి కూతురు నా పక్కన కూర్చుని అదే చూపించింది. "తాతా, ఇంత పెద్ద పేజీ ఎంత చిన్నగా మడతపడిపోయిందో చూడు" అంది. బాగుందమ్మా అన్నాను. కానీ ఆ పిల్ల వేలు బాణం మీద పడినప్పుడల్లా నా గుండె జల్లుమంటూనే ఉంది. ఎందుకో దానికి చెప్పాను. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న మీకూ చెప్పాలనిపించింది.

మా తాత బొగ్గు ఇంజన్ల రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో చేరాడు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఆ రోజుల్లో టైపు చేసిన కాగితానికి ఎడమ అంచు ఎంత నిటారుగా ఉంటుందో కుడి అంచూ అంతే ఉండాలి. శీర్షిక పొట్టిదైతే మిగిలిన జాగాని అడ్డగీతలతో నింపేవాళ్ళం. ఒక్క గీత ఎక్కువైనా తక్కువైనా మా హెడ్ టైపిస్టు కాగితాన్ని వెలుతురుకేసి పట్టి, రెండు ముక్కలు చేసేవాడు. పదేళ్ళలో ఆ గీతలు నా వేళ్ళకి పట్టేశాయి. ఎనభైల నడుమ మా ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. మిషన్లు మారాయి, వేళ్ళు మారలేదు.

ఆదివారాల్లో మా తెలుగు చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి. వాక్యం చదివేటప్పుడు ఒక్క పొల్లయినా వదలకూడదని వాళ్ళకి పదే పదే చెప్పేవాణ్ణి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు నన్ను సిగ్గుపెడుతుంది.

తొంభైల చివర్లో ఆఫీసులన్నిటినీ కేబుళ్ళతో కలిపారు. లోపలి వాళ్ళు మాత్రమే చూసేలా వెబ్ పేజీలు పెట్టాలన్నారు. నాకు అప్పజెప్పిన పేజీ పేరు 'ఈ వారం పిలుపులు'. వైద్య పరీక్షకి, ట్రేడ్ టెస్టుకి, ఇంటర్వ్యూకి ఎవరెవరు ఏ రోజు రావాలో పేర్లు అందులో ఉంటాయి. పర్సనల్ బ్రాంచి వాళ్ళు తమ కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి, ప్రింటు తీసి, రైల్వే క్వార్టర్లుండే న్యూ సెటిల్‌మెంట్ నోటీసు బోర్డులో అతికిస్తారు. మా విశ్వాసుల్లో పిలుపు అంటే చాలా పెద్ద మాట. పేరు పెట్టి పిలిచేవాడు పైన ఉన్నాడని నమ్మినవాళ్ళం. పేజీకి ఆ పేరు నేనే పెట్టాను. మా సూపరింటెండెంటుకి ఎందుకో తెలియదు గాని నచ్చింది.

పేజీ ఆరు వందల వరసలు దాటేది. ట్యాగుల మధ్య పేర్లు, పేర్ల మధ్య ట్యాగులు. ఒక పేరు దిద్దాలంటే చెక్కపెట్టె అడుగున సూది వెతికినట్టే. అప్పుడు నా పక్క బల్ల దాదా ఒక ఫ్లాపీ తెచ్చాడు.

దాదా బెంగాలీ. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఇల్లు. ముప్పై ఏళ్ళు తెలుగువాళ్ళ మధ్య పనిచేసి తెలుగు బాగానే పట్టుకున్నాడు. దేవుణ్ణి నమ్మడు, నన్ను మాత్రం నమ్మేవాడు. నన్ను పిలిచే పేరు 'పాద్రీబాబు'.

"పాద్రీబాబూ, ఇది కొత్త ఎడిటర్. దీనిలో భాజ్ ఉంది, భాజ్. ఏమంటారు మీరు? చీర మడుస్తారు కదా."

"మడత."

"హాఁ, మొడోత. పేజీని మొడోత పెట్టు. హాయిగా టీ తాగు."

ఆ మడతల సంగతి కొంచెం చెప్పాలి. వెబ్ పేజీలో చూసేవాళ్ళకి కనబడకుండా మనకోసం మనం రాసుకునే వ్యాఖ్య ఒకటి ఉంటుంది. కోణం గుర్తు, ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతలు పెట్టి మొదలుపెట్టాలి. రాయదలచింది రాసి, మళ్ళీ రెండు అడ్డగీతలు, కోణం గుర్తు పెట్టి ముగించాలి. అలాంటి వ్యాఖ్యల్లో 'ఇక్కడ మొదలు', 'ఇక్కడ ఆఖరు' అని రాస్తే, వాటి మధ్యనున్నదంతా ఆ ఎడిటర్ మడిచేసేది. అంతే. నేను పేజీ మొత్తాన్ని భాగాలు చేసి మడిచాను. ఆరు వందల వరసలు ఆరు వరసలయ్యాయి. సండే స్కూలు బెంచీ మీద ఆరుగురు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నట్టు ఉంది తెర. నాకు ఎంత ముచ్చటేసిందంటే, అవసరం ఉన్నా లేకపోయినా మడిచే ఉంచేవాణ్ణి.

ఒక శుక్రవారం సాయంత్రం ఏడో భాగం వచ్చింది. కారుణ్య నియామకాలు. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ళ భార్యలకి ఉద్యోగం ఇవ్వడానికి ఇంటర్వ్యూ. వచ్చే బుధవారం ఒక్కరోజే. అధికారులు హెడ్ క్వార్టర్స్ నుంచి వచ్చి, నాలుగు గంటలకి లేచి బండెక్కేస్తారు. ఐదు పేర్లు. దాదా వాటిని ఫ్లాపీలో తెచ్చి ఇస్తే నేను ఉన్నదున్నట్టు పేజీ అడుగున అతికించి మడత పెట్టాను.

సూపరింటెండెంటు నా భుజం మీంచి చూశాడు. "ఇది ముఖ్యమైనదయ్యా. ఏడింట్లో ఇదొక్కటీ వేరేగా కనబడేలా ఏదైనా చెయ్యి."

వేరేగా కనబడాలంటే నా వేళ్ళకి తెలిసిన దారి ఒక్కటే. ఏడో భాగం 'ఇక్కడ మొదలు' వ్యాఖ్యలో, శీర్షిక పక్కన ఇంకో రెండు అడ్డగీతలు కొట్టాను. మొదలులో ఒక జత, చివర ఉండాల్సిన జత, దాని పక్కన అందానికి మూడో జత. పై వరసలతో కుడి అంచు సరిగ్గా సమానమైంది. మా హెడ్ టైపిస్టు బతికి ఉంటే మెచ్చుకునేవాడు. నా కంప్యూటర్లో పేజీ తెరిచి చూశాను. అడుగున కొత్త పట్టిక కనబడింది. చాలనుకున్నాను. అందులో పేర్లు చదవలేదు. ఐదు పేర్లు చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాసేపు సైకిలు తీసుకోవడానికి వాడుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర వదిన నాకోసం నిలబడి ఉంది. సొంత వదిన కాదు. మా లైన్లో పక్క క్వార్టర్లో పెరిగిన అన్న భార్య. అన్న వర్క్‌షాపులో ఖలాసీ, జబ్బు చేసి పోయి రెండేళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు. అప్పటికే ఒకసారి ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ వారం ఆవిడ టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంది. రెండోసారి పిలిచినప్పుడూ వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు. అందుకే వారం వారం కూతుర్ని బోర్డు దగ్గరికి పంపించి చదివించేది.

"బాబూ, బోర్డు మీద నా పేరు లేదంట" అంది.

"పిల్ల సరిగ్గా చూసిందా వదినా?"

"రెండుసార్లు సదివిందంట. నా పేరే కాదు, నాలాంటోళ్ళ పేర్లే లేవంటాది."

ఆ రెండో మాట నా చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. కారుణ్య నియామకాల భాగం నేనే పెట్టాను కదా, కాబట్టి బోర్డు మీద ఉండే ఉంటుంది, ఆవిడ పేరు అందులో వచ్చి ఉండదు. ఇదీ నా లెక్క. పైగా ఆవిడ మాట్లాడుతూ ఉండగానే నేను ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. పాఠం చెప్పేవాడికి ఉండే జబ్బు అది.

"క్వార్టరు ఖాళీ సెయ్యమంటన్నారు బాబూ. ఇంకెన్నాళ్ళు కూకోను? బుధారం బండికి మా అన్నయ్య కాడికి ఎలిపోతాను. పిలుపే రాకపోతే నేనేటి సెయ్యను?"

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్ళయినా నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"దేవుని సమయం ఇంకా రాలేదేమో వదినా. కనిపెట్టుకుని ఉండాలి."

ఆవిడ తల వంచి "అలాగే బాబూ" అంది. దేవుడి పేరు చెప్తే మా వాళ్ళు ఎదురు చెప్పరు. ఆ పేరు వాడుకునేవాడు ఎంత భయంతో వాడుకోవాలో ఆ బుధవారం దాకా నాకు తెలియలేదు.

బుధవారం పన్నెండున్నరకి ఫోను మోగింది. పర్సనల్ బ్రాంచి గుమస్తా.

"ఏమండీ, విధవరాళ్ళ లిస్టులో ఐదుగురిలో ఒక్కరూ రాలేదు. పొద్దున్నుంచి సాబులు ఖాళీగా కూర్చున్నారు. మీ పేజీలో తేదీ సరిగ్గా పెట్టారా?"

"పెట్టాను కదా. ఏడో భాగం."

"ఏడోదా? మా ప్రింటులో ఆరే ఉన్నాయి."

నా తెర వంక చూశాను. ఏడు వరసలున్నాయి. ఏడూ మడిచి ఉన్నాయి. ఏడోదాన్ని మొదటిసారి విప్పాను. ఐదు పేర్లు. మూడోది వదినది.

మీకు ఎలా చెప్పను? ఆ పేరు రెండు నిమిషాల ముందు కూడా అక్కడే ఉంది. శుక్రవారం నుంచీ నా కళ్ళ ముందు, ఒక్క వరస వెనకాల ఉంది. నేను మూసిపెట్టి, దాని మీద అందంగా గీత గీసి, ఆదివారం నాడు దేవుని సమయం రాలేదని చెప్పాను.

దాదా, నేను పర్సనల్ బ్రాంచికి పరిగెత్తాం. వాళ్ళ కంప్యూటర్లో పేజీ తెరిచి ఉంది. ఆరో భాగం అయిపోగానే తెల్లగా ఖాళీ. నా దగ్గర ఉన్న పట్టిక అక్కడ లేదు. గుమస్తా నా వైపూ తెర వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాళ్ళది వేరే బ్రౌజరు. దాదా పేజీ వెనకున్న రాతని తెరిపించి, ముక్కు తెరకి ఆనించి, ఏడో భాగం మొదటి వరస దగ్గర వేలు పెట్టాడు.

"ఎక్. ఈ జత తలుపు తెరిచింది. దో. ఈ జత మూసింది. తీన్..." అని నా వైపు తిరిగాడు. "మళ్ళీ తెరిచావు కదా పాద్రీబాబూ! ఇది ఎందుకు?"

"అందానికి."

దాదా గీతల లెక్క విడమరిచి చెప్పాడు. వ్యాఖ్య రాసేటప్పుడు గీతల్ని జతలుగా లెక్కపెట్టాలి. ఒక జత తెరుస్తుంది, ఇంకో జత మూస్తుంది. మూడో జత పెడితే మళ్ళీ తెరిచినట్టే, నాలుగో జత దొరికేదాకా మధ్యనున్నదంతా వ్యాఖ్య కిందే లెక్క, ఎవరికీ కనబడదు. నాలుగో జత ఏడో భాగం ఆఖరున ఉన్న గుర్తులో దొరికింది. సరిగ్గా ఆ ఐదు పేర్లే మాయమయ్యాయి. నా బ్రౌజరు ఇలాంటి తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేసే రకం. వాళ్ళది నియమం తప్పని రకం. ఆ నియమాల కాగితాలు ఆరు నెలల కింద మా ఇద్దరికీ ఇచ్చారు. నాస్తికుడు పొల్లు వదలకుండా చదివాడు. నేను అవి సొరుగులో మడిచి పెట్టాను.

అప్పుడు ఒంటిగంటా పది. సాబులు లేచేది నాలుగింటికి. వదిన ఎక్కాల్సిన బండి ఒంటిగంటా ఇరవైకి రావాలి.

సూపరింటెండెంటు విన్నాడు. మంచివాడే, కానీ భయస్థుడు. నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ప్రింటరు సరిగ్గా పనిచెయ్యలేదని రాద్దాం."

"ప్రింటరు వాళ్ళది సర్. ఒప్పుకోరు. ఎవరిది తప్పని సాయంత్రం దాకా వాదించుకుంటారు. నాలుగింటికి రాని వాళ్ళని రానట్టే రాసుకుని వెళ్ళిపోతారు."

"కాగితం మీద నీదే తప్పని ఒప్పుకుంటే నీకు ఛార్జిషీటు తప్పదు. తెలుసు కదా?"

తెలుసు. అబద్ధం ఆడకూడదని నాకు తెలుసు, పిల్లలకి చెప్పేవాణ్ణి కూడా. అయినా ఆ గదిలో, ఆ మూసిన తలుపు వెనక, ప్రింటరు అన్న మాట ఎంత తియ్యగా వినబడిందో దాచి ఏం లాభం? దానికి పెళ్ళాం పిల్లలు లేరు. దానికి ప్రమోషన్ ఆగదు. అర నిమిషం అలాగే నిలబడ్డాను. దాదా గోడకి ఆనుకుని నన్నే చూస్తున్నాడు. ఏడిపించడానికి కాదు. నిజంగానే నేనేం చేస్తానో చూద్దామని.

కాగితం తీసుకున్నాను. ఐదుగురి పేర్లు బోర్డు మీద రాలేదని, తప్పు నాదని, వాళ్ళని వెతికి తెస్తున్నామని, నాలుగు దాకా దయచేసి గది మూయవద్దని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాను. కుడి అంచు వంకర టింకరగా ఉంది.

"బెంగాలీ వాళ్ళు నలుగురూ నా వంతు" అంటూ దాదా అప్పటికే స్కూటరు తాళం తీశాడు. "నీ వదినని నువ్వు చూసుకో. భాగ్!"

న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టరుకి తాళం. పక్కింటావిడ తలుపు సందులోంచి "గంటయింది రిక్షా కట్టించుకుని. ఏటయినాది బాబూ?" అంది. జవాబు చెప్పకుండానే సైకిలు తిప్పాను. పూరీ గేట్ దగ్గరికి వచ్చేసరికి గేటు పడిపోయి ఉంది. గూడ్సు బండి. ఇటు వంద సైకిళ్ళు, రిక్షాలు, అటూ అంతే. వేగన్లు ఒకటొకటే తీరుబడిగా కదులుతున్నాయి. రైల్వేలో పుట్టి పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు వేగన్లు లెక్కపెట్టడం మాకు ఆట. ఆ రోజు కూడా తెలియకుండానే లెక్కపెట్టాను. యాభై దాటాక ఆపేశాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామనుకున్నాను. నోట్లోకి ఒక్క మాటే వచ్చింది, 'ప్రభువా, బండి లేటు చెయ్యి'. ఒక్క ఇల్లాలి కోసం వెయ్యిమందిని ఆలస్యం చెయ్యమని అడగడం న్యాయమేనా అనిపించింది. అయినా అదే అడిగాను.

స్టేషన్లో సైకిలు ఎక్కడ పడేశానో తెలియదు. బండి నిలబడి ఉంది. గంట పైగా ఆలస్యంగా వచ్చిందట. ఇంకెంతసేపు ఆగుతుందని ఒక పోర్టరుని అడిగితే "సిగ్నల్ హో గయా" అన్నాడు, ఇక కదలడమే. మా ప్లాట్‌ఫారం పొడవు లోకానికంతా గొప్ప. ఆ రోజు దాన్ని శపించాను. జనరల్ పెట్టెలు ఇటు చివర రెండు, అటు చివర రెండు. వెనక రెంటి కిటికీల్లోకి "వదినా! వదినా!" అని అరుచుకుంటూ పరిగెత్తాను. దక్షిణం పోయే బండి పక్కన నిలబడి వదినా అని అరిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. ప్రతి కిటికీలోంచీ ఒక తల బయటికొచ్చింది. ఒకావిడ "ఎవరి మరిదివి నాయనా?" అని కూడా అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడని పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. మా వాళ్ళలో అలా పిలవరు. కానీ రెండు గంటల కింద ఆ పేరు చదివాను కదా. ఇంజను వైపు పెట్టెల దగ్గర ఆ పేరు పెట్టి గట్టిగా అరిచాను.

తలుపు పక్క కిటికీలో వదిన. ఒళ్ళో పిల్లాడు, పక్కన కూతురు.

"దిగు వదినా. ఇంటర్వ్యూ ఇవాళే. నీ పేరుంది."

ఆవిడ కదల్లేదు. నా ముఖంలోకి చూసింది.

"ఆదివారం నాడు నువ్వే కదా సెప్పినావు, దేవుడి సమయం రాలేదని?"

"వదినా, బండి కదులుతుంది..."

"ఆదివారం రాని సమయం బుధారానికి వచ్చీసిందేటి? నాకు తెలీకడుగుతాను. టిక్కెట్లు కొనీసినాను. అన్నయ్యకి ఉత్తరం రాసీసినాను. ఇప్పుడు దిగితే, అక్కడికెళ్ళాక మళ్ళీ లేదంటే, ఈ పిల్లల్నేసుకుని నేనెక్కడ నిలబడను? క్వార్టరు తాళం కూడా ఇచ్చీసినాను."

పెట్టెలో వాళ్ళంతా మాటలు ఆపి వింటున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను నిలువునా కోసింది. ఇంకా ఓదార్పు మాటలు వెతుక్కునే వేళ కాదు.

"దేవుడు కాదు వదినా. నేను. పేరు శుక్రవారమే వచ్చింది. నేను పేజీలో రెండు గీతలు ఎక్కువ పెట్టాను. దాంతో మీ ఐదుగురి పేర్లూ కనబడకుండా పోయాయి. నేను చూసుకోలేదు. చూసుకోకుండా నీతో దేవుడి మాట చెప్పాను. తప్పు నాది."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "నేను సెప్పినాను కదమ్మా, మనలాంటోళ్ళ పేర్లే లేవని!"

వదిన పిల్లాణ్ణి ఎత్తుకుని లేచింది. తరవాత "పెట్టి! కాగితాలన్నీ పెట్టిలో ఉన్నాయి!" అని అరిచింది.

ఇనప పెట్టె సీటు కింద అడుగున ఉంది, దాని మీద నలుగురి మూటలు. అన్న మరణ ధ్రువపత్రం, సర్వీసు కాగితాలు అన్నీ అందులోనే. అవి లేకపోతే ఇంటర్వ్యూ లేదు. గార్డు ఈల వినబడింది. నేను తలుపు దగ్గరికి పరిగెత్తి పిల్లాణ్ణి అందుకున్నాను. కూతురు దూకింది. వదిన దిగుతుంటే బండి కదిలింది, ఒక చెప్పు మెట్టు మీదే ఉండిపోయింది. లోపల మేమెవరో తెలియని ఒక ఒడియా ఆయన, లుంగీ పైకి కట్టి, పెట్టెని తలుపు దాకా ఈడ్చి కాలితో ఒక్క తోపు తోశాడు. అది ప్లాట్‌ఫారం మీద పెద్ద చప్పుడుతో పడి రెండు పల్టీలు కొట్టింది. మూత ఊడలేదు. ఆయనకి దణ్ణం పెట్టేలోపు బండి దాటిపోయింది.

మూడు ఇరవైకి పర్సనల్ బ్రాంచి మెట్లెక్కాం. దాదా ముగ్గురిని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. నన్ను చూసి నాలుగు వేళ్ళు చూపించి, ఒకటి మడిచాడు. ఒకావిడ దొరకలేదు. పుట్టింటికి వెళ్ళిందట, ఊరు మాత్రం ఇరుగుపొరుగుకి తెలియదు.

వదిన ఒక్క చెప్పుతో లోపలికి వెళ్ళడం బాగుండదని, ఆ ఒక్కటీ గుమ్మం దగ్గర విడిచి ఒట్టి కాళ్ళతో వెళ్ళింది. నాలుగు కావడానికి ఐదు నిమిషాలుండగా బయటికొచ్చింది. ఏమడిగారంటే, "ఇంత ఆలస్యం ఎందుకైందన్నారు. పిలవలేదు సాబ్ అన్నాను" అంది. అంతే.

ఆ నలుగురికీ ఉద్యోగాలొచ్చాయి. దొరకని ఐదో ఆవిడ పేరు కొట్టేశారు. నా కాగితం ఆధారంగా ఆ పేరు తిరిగి పట్టికలోకి ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది. ప్రతి అర్జీ దాదా ఇంగ్లీషులో రాస్తే నేను టైపు చేశాను. ఆ ఏడాదిన్నరా ఆవిడ ఏం తిని బతికిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేక. ఈ కథలో నేను పూర్తిగా గట్టెక్కానని మీరు అనుకోకూడదని ఈ మాట చెబుతున్నాను.

నాకు ఛార్జిషీటు వచ్చింది, హెచ్చరికతో వదిలేశారు. తరవాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు ఒక విధవరాలిని ఎలా ఆదుకున్నాడో చెప్తానని అందరూ ఎదురుచూశారు. నేను గీతల సంగతి, మెట్ల దగ్గర అన్న మాట సంగతి, ప్రింటరు సంగతి అన్నీ చెప్పి కూర్చున్నాను. రిటైరైన గార్డు పెద్దాయన ఒకాయన ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా గుసగుసలాడాడు.

"ఇది సాక్ష్యం కాదురా అబ్బాయి. సంజాయిషీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికెళ్ళాక ఆలోచిస్తే, రైల్వేవాడికి ఆ రెండూ ఒకటే కావాలేమో అనిపించింది. అప్పటి నుంచి ఎవరి కష్టానికైనా దేవుని సమయం అనే ముందు, నా సొరుగులో ఏమైనా మడిచిపెట్టానేమోనని ఒకసారి చూసుకుంటాను. నా నమ్మకం తగ్గలేదు. దేవుణ్ణి నా తప్పులకి జామీనుగా నిలబెట్టడం మానేశాను, అంతే.

వదినకి పర్సనల్ బ్రాంచిలోనే ప్యూన్ ఉద్యోగం ఇచ్చారు. పిలుపుల ప్రింటు తీసుకెళ్ళి న్యూ సెటిల్‌మెంట్ బోర్డులో అతికించే పని ఆవిడదే అయింది. ఇంగ్లీషు చదవడం రాదు, లెక్కపెట్టడం వచ్చు. ప్రతి శుక్రవారం సాయంత్రం మైదా జిగురు డబ్బా ఒక చేత్తో, ప్రింటు ఒక చేత్తో పట్టుకుని ముందు నా బల్ల దగ్గరికి వచ్చేది. కాగితం పరిచి, శీర్షికలన్నిటి మీదా వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చేది. ఆ తరవాత నా తెర వైపు చూసేది.

"బాబూ, నీ కాడ ఎన్ని?"

"ఏడు వదినా."

"అన్నీ ఇప్పి సూపించు."

దాదా టీ గ్లాసు దించి, మొహం అటు తిప్పుకుని నవ్వుకునేవాడు. నేను ఒకటొకటిగా విప్పేవాణ్ణి. ఏడూ విప్పి, ప్రతి పేరూ పైకి చదివేదాకా ఆవిడ అక్కడ నుంచి కదిలేది కాదు. నేను రిటైరయ్యేదాకా ఒక్క శుక్రవారం కూడా వదిలిపెట్టలేదు.